ఫోన్లో జ్ఞాపకశక్తి పరీక్ష: పేషెంటు చిన్నబుచ్చుకోకుండా చేయడం, తర్వాత నిజం రాబట్టడం

ఫోన్లో పరీక్ష పూర్తయ్యాక "ఎట్లా అనిపించిందమ్మా?" అని అడిగి చూడండి. "మంచిగనే ఉంది సార్" అంటారు. అరగంటసేపు విసుక్కున్నవాళ్లూ అదే అంటారు, మధ్యలో ఫోన్ కొడుకు చేతిలో పెట్టేసినవాళ్లూ అదే అంటారు. పెద్దాసుపత్రి నుంచి వచ్చిన ఫోనుకు బాగాలేదని చెప్పడం మన దగ్గర మర్యాద కాదు. అందుకే సంతృప్తి ఫారంలో అన్నిటికీ అయిదుకు అయిదు వచ్చాయంటే సంబరపడకండి. ప్రశ్న సరిగ్గా అడగలేదేమోనని అనుమానించండి.

హైదరాబాద్ మెమరీ క్లినిక్కుల్లో ఫోన్ మీద న్యూరోసైకలాజికల్ పరీక్షలు (జ్ఞాపకం, ధ్యాస, మాట లాంటివి చూసేవి) చేసే సైకాలజిస్టులు, శిక్షణలో ఉన్నవాళ్లు, అపాయింట్‌మెంట్లు చూసే కోఆర్డినేటర్ల కోసం రాస్తున్నది ఇది. ముందే ఒక మాట. పేషెంటును సంతోషపెట్టడానికి చిన్న క్లూ అందించారనుకోండి, సంతృప్తి పెరుగుతుంది, పరీక్ష మాత్రం చెడుతుంది. మెప్పించాల్సింది మీ తీరుతోనే, ప్రశ్నను తేలిక చేసి కాదు.

ఫోన్ ఎవరికి సరిపోతుంది

ఫోన్ పరీక్షలు కొత్తవి కావు. టిక్స్ అనే ఫోన్ ఇంటర్వ్యూ 1988లోనే వచ్చింది, 11 అంశాలు, మొత్తం 41 మార్కులు. మనవాళ్లు ఎక్కువగా వాడే మోకా అనే చిన్న జ్ఞాపకశక్తి పరీక్ష మామూలుగా 30 మార్కులది. ఫోన్ రూపంలో బొమ్మలు గీయడం, చూసి పేరు చెప్పడం లాంటివి తీసేస్తారు కాబట్టి 22కే ఉంటుంది. 22లో వచ్చిన 18ని "18 వచ్చింది" అని ఊరికే రాసి పంపితే, చూసేవాళ్లు 30లో 18 అనుకుంటారు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. ప్రతి మార్కు పక్కన "ఎంతకు" అన్నది రాయండి.

గడియారం బొమ్మ, చుక్కలు కలిపే ట్రయిల్ మేకింగ్, బొమ్మ చూసి గీయడం, దిమ్మెలు పేర్చడం ఫోన్లో కుదరవు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో ముందుగా దెబ్బతినే నైపుణ్యాలు కొన్ని ఈ కోవలోవే, కాబట్టి వాళ్ల విషయంలో ఫోన్ మార్కు బాగుందని ధీమా పడకండి. నడక, చేతి వణుకు, ముఖంలో భావం మీకు కనపడవు.

ఫోన్ బాగా పనికొచ్చేది రెండిటికి: మొదటి వడపోతకు, ఇదివరకు ఎదురుగా చూసిన మనిషిని ఆరునెలలకో ఏడాదికో మళ్లీ చూసుకోవడానికి. చెవుడు ఎక్కువగా ఉన్నవాళ్లకు, పక్షవాతం తర్వాత మాట పోయినవాళ్లకు, వీలునామా లేదా ఆస్తి కాగితాల కోసం "మతి స్థిమితం" తేల్చమని వచ్చినవాళ్లకు ఫోన్లో చేయకండి. రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా గందరగోళపడుతున్న పెద్దవాళ్లకు కావాల్సింది పరీక్షే కాదు. ఒంట్లో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మనండి. చదువు లేకపోవడం మాత్రం అడ్డంకి కాదు. కాగితం, పెన్ను ఉండవు కాబట్టి వాళ్లకు కొంత బెరుకు తగ్గుతుంది కూడా.

రెండు రోజుల ముందు: మీరు మోసగాళ్లు కాదని నమ్మించడం

తెలియని నంబరు నుంచి ఫోన్. "మీ పూర్తి పేరేంటి? పుట్టిన తేదీ? ఇప్పుడు ఎక్కడున్నారు? ఇంట్లో ఎవరున్నారు? వంద నుంచి ఏడు తీసేయండి." డిజిటల్ అరెస్టు మోసాల గురించి రోజూ పేపర్లో చదువుతున్న పెద్దాయన ఇది విని ఫోన్ పెట్టేస్తే ఆయన బుర్ర భేషుగ్గా పనిచేస్తున్నట్టే. తప్పు మీది.

కాబట్టి రెండు రోజుల ముందు కోఆర్డినేటర్ ఇంట్లోవాళ్లతోనూ, పేషెంటుతోనూ విడివిడిగా మాట్లాడాలి. పంపిన డాక్టరు పేరు, ఏ నంబరు నుంచి ఫోన్ వస్తుంది, ఎవరు మాట్లాడతారు, ఎన్నింటికి, ఎంతసేపు అన్నవి చెప్పాలి. ఆ నంబరును పేరుతో సేవ్ చేయించండి. ఆధార్ నంబరు, ఓటీపీ, బ్యాంకు వివరాలు ఎప్పుడూ అడగమని మీరే ముందు చెప్పండి. అనుమానం వస్తే ఆసుపత్రి రిసెప్షన్‌కు ఫోన్ చేసి కనుక్కోవచ్చని చెప్పి, రిసెప్షన్లో ఉన్నవాళ్లకు కూడా మీ పేరు, సమయం ఇచ్చి ఉంచండి. ఈ చివరిది చాలామంది మరిచిపోతారు. ఆ పేరున్నవాళ్లు ఇక్కడ ఎవరూ లేరని రిసెప్షన్ అనేసిందంటే ఆ కుటుంబం మళ్లీ ఫోన్ ఎత్తదు.

ఎందుకు చేస్తున్నామో చెప్పేటప్పుడు మాట చూసుకోండి. "మానసిక పరీక్ష" అంటే ఈ ఊళ్లో మనసు నేరుగా ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పోతుంది. "జ్ఞాపకం, ధ్యాస, మాట ఎలా ఉన్నాయో చూసే పరీక్ష. కొన్ని తేలిక, కొన్ని అందరికీ కష్టమే. అన్నీ చెప్పగలిగినవాళ్లు ఉండరు" అంటే చాలు. ఈ ఆఖరి వాక్యాన్ని పరీక్ష రోజున కూడా మళ్లీ చెప్పండి. తర్వాత చిన్నబుచ్చుకోవడం సగం దీనితోనే తగ్గుతుంది.

సమ్మతి సంగతి. దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి. అవి డాక్టర్ల కోసం రాసినవే అయినా అందులోని పద్ధతి మనకూ పనికొస్తుంది: పేషెంటే ఫోన్ చేస్తే సమ్మతి ఇచ్చినట్టే, మనం చేస్తే స్పష్టంగా అడిగి రాసుకోవాలి. పరీక్షకు ఫోన్ చేసేది మనమే కాబట్టి అడగాలి. రికార్డు చేస్తున్నట్టయితే దానికి వేరే సమ్మతి తీసుకోవాలి.

సమయం పొద్దున పది నుంచి పన్నెండున్నర మధ్య పెట్టుకోండి. అంతకు ముందైతే పూజ, టిఫిను, కుక్కర్ విజిళ్లు. మధ్యాహ్నం మందుల మత్తు, కునుకు. మంజీరా నీళ్లు వచ్చే రోజు, వేళ అడిగి అది తప్పించండి. నవ్వులాట కాదు, నల్లా వచ్చిందంటే ఇంటి పెద్దావిడ ధ్యాస మీ పదాల మీద ఉండదు.

లైను, చెవి, గోడమీది క్యాలెండరు

వాట్సాప్ కాల్ వద్దు, మామూలు కాల్ చేయండి. ఇంటర్నెట్ కాల్లో మాట ఆగి ఒక్కసారిగా వచ్చి పడుతుంది. సెకనుకు ఒక అంకె చొప్పున మీరు చదివినవి అవతల మూడు కలిసిపోయి వినపడతాయి. స్పీకర్ ఫోన్ కూడా వద్దు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఒకరి మాట తెగిపోతుంది, పైగా ఇల్లంతా పరీక్ష రాస్తుంది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ ఉంటే మేలు. వినికిడి యంత్రం ఉంటే పెట్టుకోమనండి, బ్యాటరీ చూసుకోమనండి.

పాత రకం ఫోన్ లైను దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే ధ్వనిని మోస్తుంది. స, ష, ఫ లాంటి ఊదుడు శబ్దాలు ఆ పైన కూడా విస్తరించి ఉంటాయి కాబట్టి అవే ముందు చెదిరిపోతాయి. అందుకని మొదటి ప్రశ్నకన్నా ముందు చెవి పరీక్ష చేయండి. పరీక్షలో లేని అయిదు మాటలు ఒక్కొక్కటిగా చెప్పి తిరిగి చెప్పించండి: సంచి, పాలు, తలుపు, నిమ్మ, కుర్చీ. అయిదూ సరిగ్గా రావాలి. ఒకటి పోతే చెవి మార్చమనండి, గది మార్చమనండి, మళ్లీ చూడండి. అప్పటికీ పోతే ఆ రోజు పరీక్ష వాయిదా వేయండి. వినపడనిది గుర్తుండలేదని రాయడంకన్నా అన్యాయం ఉండదు.

ఆ తర్వాత: పెన్ను, కాగితం పక్కన పెట్టారా? ఎదురుగా తెలుగు క్యాలెండరు ఉందా? ఉంటే దానికి వీపు పెట్టి కూర్చోమనండి. టీవీ కట్టేశారా? గదిలో ఎవరున్నారు? ఎవరైనా ఉండాలంటే ఒక్కరే, మాట్లాడకుండా. ఫోన్ తెగిపోతే మీరే తిరిగి చేస్తామని చెప్పి, ఇంకో నంబరు తీసుకోండి.

తెలుగులో ఫోన్ మీద తడబడే చోట్లు

ఇంగ్లీషు పరీక్ష పుస్తకాల్లో ఇవి దొరకవు. సంతృప్తి మీదా, మార్కు మీదా ఎక్కువ దెబ్బపడేది ఇక్కడే.

అంకెలు. "ఎనిమిది" నాలుగు అక్షరాలు, "తొమ్మిది" మూడు. ఇంగ్లీషు "ఎయిట్" ఒక్క దెబ్బలో అయిపోతుంది. పొడుగు మాటలు మనసులో పట్టుకోవడం కష్టం కాబట్టి విని తిరిగి చెప్పే అంకెల వరస తెలుగులో కొంచెం తక్కువే వస్తుంది. పైగా ఈ ఊళ్లో చాలామంది ఫోన్ నంబరు "నైన్ ఎయిట్ ఫోర్" అనే చెప్తారు. కాబట్టి ముందు "మీ ఫోన్ నంబరు ఎలా చెప్తారు?" అని అడగండి. వాళ్లు చెప్పిన భాషలోనే అంకెలు చదవండి, ఏ భాషో రాసుకోండి, మళ్లీసారి అదే వాడండి. ఫోన్ నంబరులా రెండేసి కలిపి చదవకండి. తెలుగులో ఏడు, మూడు కలిసిపోతాయి. ఇంగ్లీషులో ఫైవ్, నైన్ కలిసిపోతాయి. ఇలాంటి తప్పు వస్తే అది ధ్యాస తప్పో, లైను తప్పో అని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి.

అక్షరంతో మాటలు. "ప తో మొదలయ్యే మాటలు చెప్పండి" అంటే బడికి వెళ్లినవాళ్లు "ప" ఒక్కటే అనుకుని పలక, పండు, పడవ దగ్గర ఆగిపోతారు. పాలు, పిల్లి, పులి చెప్పొచ్చని వాళ్లకు తోచదు. గుణింతం మొత్తం లెక్కేనని ముందే చెప్పాలి. ఉదాహరణ మాత్రం వేరే అక్షరంతో ఇవ్వండి: "మ అంటే మల్లె, మామిడి, మిరప, ముక్కు అన్నీ వస్తాయి." ఫలం, ఫలితం లాంటివి లెక్కించాలా వద్దా అన్నది మీ క్లినిక్‌లో ఒకటే నియమం పెట్టుకోండి. అక్షరాలు రానివాళ్లకు ఇది అసలు పెట్టకండి. అవమానం తప్ప ఏమీ మిగలదు.

జంతువుల పేర్లు, 60 సెకన్లు. బర్రె, గేదె రెండూ చెప్తే ఒకటే. ఎలుగుబంటి, గుడ్డెలుగు ఒకటే. తెలుగులో చెప్పి, ఉర్దూలో మళ్లీ చెప్పినా ఒకటే. కానీ ఒక పేరు తెలుగులో, ఇంకోటి దక్కనీలో (ఇక్కడి ఉర్దూలో), మరోటి ఇంగ్లీషులో వస్తే అన్నీ ఇవ్వండి. ఈ నగరం అలాగే మాట్లాడుతుంది. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) పేషెంట్ల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, రెండో భాష వచ్చినవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. భాష కలపడాన్ని తప్పుగా చూడకండి. సరిదిద్దితే పేషెంటు మూగబోతారు.

తేదీ, చోటు. కొందరు పెద్దవాళ్లు తేదీకి బదులు "ఇయ్యాల ఏకాదశి" అంటారు. పరీక్ష పుస్తకం తేదీనే అడిగితే మార్కు ఇవ్వలేరు గానీ, తిథి సరైనదే అయితే పక్కన రాయండి. కాలం మీద పట్టు ఉందని డాక్టరుకు తెలుస్తుంది. చోటు అడిగేముందు వాళ్లిప్పుడు ఎవరింట్లో ఉన్నారో ఇంట్లోవాళ్లను అడిగి పెట్టుకోండి. ఒక నెల కూకట్‌పల్లిలో పెద్దకొడుకు దగ్గర, ఒక నెల ఉప్పల్‌లో చిన్నకొడుకు దగ్గర ఉండేవాళ్లు ఎందరో. రాష్ట్రం పేరు దగ్గర ఓపిక పట్టండి: ఎనభై ఏళ్లావిడ ఇల్లు కదలకుండానే 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, 2014 జూన్ 2 దాకా ఆంధ్రప్రదేశ్‌లో, ఆ తర్వాత తెలంగాణలో ఉంది. ముఖ్యమంత్రి పేరు అడిగే ప్రశ్న ఉంటే మీ జవాబు కాగితం 2023 డిసెంబరు తర్వాతదేనా అని చూసుకోండి.

పదాల జాబితా. ఇంగ్లీషు జాబితాను మీరే అనువదించి వాడకండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల పరీక్షల సంపుటి, న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్, తెలుగుతో పాటు హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళంలో తయారైంది. అయితే అది ఎదురుగా కూర్చుని చేసేది, అందులోంచి ఫోన్లో మాటతో నడిచేవే తీసుకోవాలి, ఫోన్లో చేశామని రిపోర్టులో రాయాలి. జాబితా మధ్యలో లైను తెగితే అదే జాబితా మళ్లీ మొదటి నుంచి చదవకండి, వేరే మాటలున్న రెండో జాబితా తీయండి. చదివిన తర్వాత, తిరిగి అడిగే 20 నుంచి 30 నిమిషాల విరామంలో తెగితే కంగారు లేదు, గడువులోపు తిరిగి కలిస్తే చాలు.

నడిపే తీరు

మొత్తం 40 నిమిషాలు దాటనివ్వకండి. ఇంకా ఉంటే ఇంకో రోజు. తేలికది ముందు, కష్టమైనది మధ్యలో, చెప్పగలిగేది చివర. చివరి ప్రశ్న తప్పిపోయి ఫోన్ పెట్టేసినవాళ్లు ఆ రోజంతా దాన్నే తలుచుకుంటారు.

ఎదురుగా ఉంటే మీ ముఖం చూసి ధైర్యం తెచ్చుకుంటారు. ఫోన్లో మీరు మార్కులు వేసుకునే ఆ నాలుగు సెకన్ల నిశ్శబ్దం వాళ్లకు "తప్పు చెప్పానా?" అని వినపడుతుంది. "రాసుకుంటున్నానమ్మా, ఒక్క క్షణం" అనండి. "కరెక్ట్", "వెరీ గుడ్" మాత్రం అనకండి, అనడం ఆపిన చోట తప్పని తెలిసిపోతుంది. తప్పుకూ ఒప్పుకూ ఒకే మాట: "సరేనమ్మా, తర్వాతది." పేషెంటును అమ్మా, సార్ అనండి. తాతా, బామ్మా అని చనువు తీసుకుంటే కొందరు రిటైర్డు హెడ్‌మాస్టర్లు అక్కడే ముడుచుకుపోతారు.

పక్కనుంచి కోడలు అందించడం వినపడిందా? ఆవిడను కసరకండి. "మీరు సాయం చేస్తే అత్తమ్మకు మందు తక్కువ రాస్తారేమో, తర్వాత మీతో వేరేగా మాట్లాడతాను" అంటే ఆగుతారు. ఆ అంశం మార్కు పక్కన "సాయం అందింది" అని రాయండి. నిజంగానే తర్వాత ఆవిడతో పది నిమిషాలు మాట్లాడండి. దారి తప్పడం, డబ్బు లెక్క, మందులు వేసుకోవడం, వంటలో తేడా లాంటివి తెలిసేది ఆవిడకే.

మాటల్లో బతకాలని లేదన్న సూచన వస్తే పరీక్ష అక్కడే ఆపండి. ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లను లైనులోకి తీసుకోండి, డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, అత్యవసరమైతే 108.

ఎలా అనిపించిందో అడిగే ఫోన్

ఇది పరీక్ష చేసినవాళ్లు చేయకూడదు. వేరే గొంతు కావాలి. జ్ఞాపకం బాగానే ఉన్నవాళ్లకు మర్నాడు చేయండి. మరుపు ఎక్కువగా ఉన్నవాళ్లకైతే అదే రోజు రెండు గంటల్లోపు, లేకపోతే "ఏ పరీక్ష?" అంటారు. ఇంట్లోవాళ్లను విడిగా అడిగి విడిగా రాయండి, ఇద్దరి జవాబులూ కలపకండి. ఫలితం చెప్పకముందే అడగండి. చెడు వార్త విన్నాక పరీక్ష కూడా చెడ్డదే అనిపిస్తుంది, మంచి వార్త విన్నాక అన్నీ బాగున్నట్టే ఉంటుంది. ఫలితం వివరించాక, ఆ వివరణ గురించి మాత్రమే ఇంకోసారి అడగండి.

"ఒకటి నుంచి అయిదు వరకు ఎంత?" అనే ప్రశ్న ఫోన్లో నిలవదు. రెండు మెట్లుగా అడగండి: "బాగుందా, బాగాలేదా?" జవాబు వచ్చాక "కొంచెమా, చాలానా?" సీఎస్‌క్యూ-8 లాంటి 8 ప్రశ్నల సంతృప్తి ఫారం, 8 నుంచి 32 మార్కులది, వాడుకోవచ్చు. కానీ అది ఏ సేవకైనా సరిపోయేలా రాసింది, చెవి గురించీ కుక్కర్ గురించీ అడగదు. ఆ లోటు ఈ ప్రశ్నలతో పూడ్చండి:

"ఎక్కడెక్కడ మాట సరిగ్గా వినపడలేదు?"
"ఏ ప్రశ్న దగ్గర చికాకు వచ్చింది?"
"ఎప్పుడు ఇంక చాలు అనిపించింది?"
"ఈ పరీక్ష ఎందుకు చేశారో మీ మాటల్లో చెప్పండి."
"పక్కన ఎవరో ఉన్నారని చెప్పకుండా ఆపుకున్నది ఏదైనా ఉందా? ఉంది, లేదు అంటే చాలు."
"మళ్లీ చేయాలంటే ఫోన్లోనా, ఆసుపత్రిలోనా?"
"ఆసుపత్రి మీ వీధి చివరే ఉంటే?"

మొదటి మూడింట్లో "ఏమైనా ఉందా?" అని లేదు చూడండి. ఉందనుకునే అడుగుతున్నారు, కాబట్టి ఫిర్యాదు చేయడం మర్యాద తప్పినట్టు అనిపించదు. చివరి రెండూ జంట. నల్లగొండ నుంచి ముసలమ్మను బస్సెక్కించి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి మెట్రో పట్టుకుని, పంజాగుట్టలో ఓపీ లైనులో నిలబడే కష్టం తప్పినందుకు ఆ కుటుంబం ఫోన్ను మెచ్చుకుంటుంది. అది ప్రయాణం తప్పిన సంతోషం, పరీక్ష బాగుందన్న మాట కాదు. వీధి చివర ఆసుపత్రి ఉన్నా ఫోనే కావాలన్నవాళ్లను విడిగా లెక్కపెట్టండి.

జవాబులు వచ్చాక

ఫోన్ ఎత్తనివాళ్లను లెక్కలోంచి తీసేయకండి. మూడు వేర్వేరు వేళల్లో ప్రయత్నించి, అప్పటికీ ఎత్తకపోతే "దొరకలేదు" అని రాయండి. వద్దన్నవాళ్లను వేరే గడిలో రాయండి. నొచ్చుకున్నవాళ్లు ఎక్కువగా ఉండేది ఈ రెండు గడుల్లోనే.

వినపడలేదన్న జవాబు వస్తే అది సంతృప్తి కాగితంలోనే ఉండిపోకూడదు, ఆ రోజే పరీక్ష చేసినవాళ్లకు చేరాలి. పదాల జాబితా దగ్గర వినపడలేదంటే ఆ మార్కు కొట్టేసి, రెండో జాబితాతో మళ్లీ చేయాలి. "ఎందుకు చేశారో" అన్న ప్రశ్నకు "కేవైసీ కోసం", "పింఛను కోసం" అన్నారంటే రెండు రోజుల ముందటి ఫోన్ సరిగ్గా జరగలేదు, దాన్ని కోఆర్డినేటర్‌తో కూర్చుని దిద్దండి. ఒకే ప్రశ్న దగ్గర చికాకు పదే పదే వస్తుంటే ప్రశ్న మార్చకండి, మార్చే హక్కు మీకు లేదు. దానికి ముందు మీరు చెప్పే సూచనను రికార్డింగులో విని చూడండి. చాలాసార్లు అక్కడ మీరు గబగబా చదివి ఉంటారు.